బొమ్మ ఎవరికి బాకీ?

పిహెచ్‌డి పట్టా చేతికొచ్చిన రెండు నెలలకి నాకొక ఫోనొచ్చింది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఎవరి కవిత్వం గురించి రాశానో ఆ కవయిత్రే చేశారు. ఒక చిన్న పట్టణంలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయిన దళిత స్త్రీ. నేను పంపిన కాపీ మొత్తం చదివానని చెప్పారు. "బాగా కష్టపడ్డావమ్మా" అన్నారు. కాసేపాగి, "మరి నా రెండో పుస్తకం దొరకలేదా?" అని అడిగారు.

దొరికింది. చదివాను కూడా. మొదటి పుస్తకంలో వాళ్ళమ్మ గురించి, నాట్ల గురించి, ఊరి చివరి బావి గురించి, స్టాఫ్‌రూములో విడిగా పెట్టిన గ్లాసు గురించి కవితలున్నాయి. రెండో పుస్తకంలో సున్నా గురించి, మధ్యాహ్నం గోడ మీద జరిగే నీడ గురించి, చింతపిక్కలాటలో వచ్చే లెక్కల గురించి ఉన్నాయి. మొదటి పుస్తకం మీద నలభై పేజీలు రాశాను. రెండోదాన్ని ఒక్క వాక్యంతో దాటేశాను. తర్వాతి కాలంలో ఈ కవయిత్రి తన అనుభవానికి దూరంగా జరిగిందని రాశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషికి సున్నా అనుభవం కాదని నేనెట్లా నిర్ణయించాను? ఆ అధికారం నాకెవరిచ్చారు?

ఆ రోజు జవాబు చెప్పలేక ఏదో నసిగి ఫోన్ పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టనప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం తెలుగు కవిత్వం కాదు. కొన్నేళ్ళ ముందు వాషింగ్టన్‌లో చూసిన ఒక పెద్ద పసుపు రంగు బొమ్మ. దాని ముందు నిలబడి కూడా నేను సరిగ్గా ఇదే తప్పు చేశాను.

2017 చివర్లో ఒక సదస్సు కోసం అమెరికా వెళ్ళి, వర్జీనియాలో ఉంటున్న మా అక్క ఇంట్లో పది రోజులున్నాను. ఒక రోజు మెట్రో ఎక్కి నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్‌కి వెళ్ళాను. స్త్రీల కళ కోసమే 1987లో తెరిచిన మ్యూజియం అది. ఆ భవనం అంతకు ముందు మేసన్లనే పురుషుల సంఘానిది. అక్కడ అప్పుడు 'మాగ్నెటిక్ ఫీల్డ్స్' అనే ప్రదర్శన జరుగుతోంది. 1960ల నుంచి ఇప్పటిదాకా అమెరికాలో నైరూప్య కళలో పనిచేసిన 21 మంది శ్వేతేతర స్త్రీల పనిని ఒకచోటికి తెచ్చారు. కాన్సస్ సిటీలోని కెంపర్ మ్యూజియంలో మొదలై అక్కడికి వచ్చింది. ఆల్మా థామస్, హోవర్డీనా పిండెల్, బార్బరా చేజ్-రిబౌ వంటి వాళ్ళ పక్కన, ఆ ప్రదర్శనకి పేరిచ్చిన బొమ్మ కూడా ఉంది. వేసింది మిల్డ్రెడ్ థాంప్సన్. 1991 నాటిది.

మూడు కాన్వాసులు పక్కపక్కన చేర్చిన బొమ్మ. పన్నెండడుగులకు పైన వెడల్పు, దాదాపు ఆరడుగుల ఎత్తు. నిండా పసుపు. ఆ పసుపు మీద ఎర్రటి, నీలపు గీతలు వంపులు తిరిగి, సుడులు తిరిగి, ఏదో ఒక కేంద్రం చుట్టూ పోగవుతూ మళ్ళీ చెదిరిపోతూ ఉన్నాయి. మనుషులు లేరు. చెట్టూ పుట్టా లేవు.

నేను బొమ్మకంటే ముందు పక్కనున్న చీటీ చదివాను. ఆఫ్రికన్ అమెరికన్, స్త్రీ, 1936-2003. అది చదివాక బొమ్మ చూశాను. వెంటనే ఎరుపు నెత్తురైపోయింది. వంపు గీతలు కొరడా దెబ్బలయ్యాయి. పసుపు పత్తిచేల మీద ఎండయింది. నోట్‌బుక్కులో గబగబా రాసుకున్నాను కూడా. అప్పుడు బొమ్మ పేరు మళ్ళీ చూశాను. 'అయస్కాంత క్షేత్రాలు.' ఆమె వేసింది అక్షరాలా అదే. కాగితం కింద అయస్కాంతం పెట్టి పైన ఇనుప రజను చల్లితే బళ్ళో మనమందరం చూసిన ఆకారాలు, కంటికి కనపడని ఆ బలానికి రంగులో రూపం. నాకు కొంచెం నిరాశగా అనిపించింది. ఇంతేనా అనుకుని ముందుకు నడిచాను.

ఆ 'ఇంతేనా' గురించే ఈ వ్యాసం.

ఆమె జీవితం గురించి వరసగా చదివింది ఆ ఫోన్ తర్వాతే. మిల్డ్రెడ్ థాంప్సన్ ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో పుట్టింది. నల్లవాళ్ళకి వేరే బడి, వేరే సీటు, వేరే కుళాయి చట్టబద్ధంగా అమలైన ప్రాంతం, కాలం. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో చిత్రకళ చదివి 1957లో పట్టా తీసుకుంది. అక్కడ ఆమె గురువు జేమ్స్ పోర్టర్. చిత్రకారుడు, నల్లజాతి ఆధునిక కళ చరిత్రను 1943లోనే పుస్తకంగా తెచ్చినవాడు. ఆ తర్వాత జర్మనీ వెళ్ళి హాంబర్గ్ ఆర్ట్ అకాడమీలో 1961 దాకా చదువుకుంది. అక్కణ్ణించి న్యూయార్క్ తిరిగొచ్చింది. మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, బ్రూక్లిన్ మ్యూజియం ఆమె ప్రింట్లు కొన్నాయి. పాతికేళ్ళ అమ్మాయికి అది చిన్న గుర్తింపేమీ కాదు.

కానీ గ్యాలరీలు ఆమెకి తలుపు తియ్యలేదు. ఒక గ్యాలరీ వాళ్ళు ఆమెకి ఒక సలహా ఇచ్చారు. తెల్లజాతి స్నేహితురాలెవరైనా ఉంటే, ఆ అమ్మాయి చేత బొమ్మలు పట్టించి తిప్పమన్నారు, ఆమే చిత్రకారిణి అన్నట్టు. అంటే బొమ్మలతో పేచీ లేదు. వాటిని వేసిన చేతితోనే పేచీ. బొమ్మ గోడ మీదికి రావచ్చు, మనిషి మాత్రం గదిలోకి రాకూడదు.

1963లో ఆమె మళ్ళీ జర్మనీ వెళ్ళిపోయి డ్యూరెన్ అనే ఊళ్ళో స్థిరపడింది. పన్నెండేళ్ళు ఐరోపాలోనే ఉండిపోయింది. అక్కడే ఆమె 'వుడ్ పిక్చర్స్' అనే వరస చేసింది. దొరికిన చెక్కముక్కల్ని, పలకల్ని పక్కపక్కన పేర్చి, ఒకదాని మీద ఒకటి అతికించి, మేకులు కొట్టి చేసినవి. కొన్నిటికి రంగు వేసింది, కొన్నిటిని చెక్క రంగులోనే వదిలేసింది. గోడకి తగిలిస్తే బొమ్మ. పక్కనుంచి చూస్తే శిల్పం. నేను వాటిని ఫోటోల్లోనే చూశాను. ఫోటోలో కూడా మొట్టమొదట కంటికి ఆనేది చెక్క నారే. ఒక పలకలో నార నిలువుగా పోతుంటే పక్క పలకలో అడ్డంగా పోతుంది. ఆ రెండూ కలిసేచోట సన్నటి నీడ గీతలా పడుతుంది. ఆ నీడ కూడా బొమ్మలో భాగమే.

1975లో అమెరికా తిరిగొచ్చింది. ఫ్లోరిడాలోని టాంపాలోనూ, ఆ తర్వాత తను చదువుకున్న హోవర్డ్‌లోనూ ఆస్థాన కళాకారిణిగా పనిచేసింది. 1980లలో కొంత కాలం పారిస్‌లో ఉండి, ఆ దశకం మధ్యలో అట్లాంటా చేరింది. అక్కడ నల్లజాతి స్త్రీల కళాశాల అయిన స్పెల్మన్‌లోనూ, మరికొన్ని కళాశాలల్లోనూ పాఠాలు చెప్పింది. 'ఆర్ట్ పేపర్స్' పత్రికకి చాలా ఏళ్ళు అసోసియేట్ ఎడిటర్‌గా ఉంది. ఆమె పెద్ద బొమ్మలన్నీ ఈ చివరి కాలానివే. అయస్కాంత క్షేత్రాలు, 1994లో 'రేడియేషన్ ఎక్స్‌ప్లొరేషన్స్', గ్రహాల పేర్లతో వేసిన 'మ్యూజిక్ ఆఫ్ ది స్ఫియర్స్', 1999లో 'స్ట్రింగ్ థియరీ'. కంటికి కనపడని వాటి మీదే ఆమె చూపంతా. 2003లో అట్లాంటాలో చనిపోయింది. 67 ఏళ్ళు.

ఆమె ముందు మూసుకున్న తలుపు ఆ గ్యాలరీది ఒక్కటే కాదు. నువ్వు తగినంత నల్లగా లేవు అన్నవాళ్ళు ఆమెకి స్వజనంలో కూడా ఉన్నారు. తెల్లవాళ్ళ పద్ధతుల్లో వేస్తున్నావని, ఆఫ్రికా నీ బొమ్మల్లో ఎక్కడుందని విమర్శించారు. దానికి ఆమె జవాబు సూటిగానే ఉంది. అర్థం తెలియని చిహ్నాల్ని తెచ్చి అతికించుకోవడం, తనకి లోతు తెలియని రూపాన్ని కావాలని వాడుకోవడం తన దృష్టిలో కళని అమ్ముకోవడమేనని రాసింది.

ఇటువంటి మాట విన్నది ఆమె ఒక్కతే కాదు. హోవర్డీనా పిండెల్ తన నైరూప్య చిత్రాల్ని హార్లెంలోని ఒక నల్లజాతి మ్యూజియంకి తీసికెళ్తే, పోయి ఆ తెల్ల కుర్రాళ్ళతో కలిసి ప్రదర్శించుకో అన్నారని తర్వాత చెప్పింది.

ఈ రెండు తలుపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి కనపడింది. తెల్ల గ్యాలరీ, బొమ్మ ఉండనీ, నువ్వుండకు అంది. స్వజనం, నువ్వుండు, కానీ ఈ బొమ్మ నీది కాదు అన్నారు. రెంటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. నల్లజాతి స్త్రీ వేసిన బొమ్మ నల్లజాతి స్త్రీ గురించే ఉండాలి. అట్లా లేకపోతే ఎక్కడో ఒక అబద్ధం ఉన్నట్టు. ఒకరికి ఆ అబద్ధం మనిషిలో కనపడింది, ఇంకొకరికి బొమ్మలో. నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ నాకూ అంతే.

ఇంతవరకూ సులువు. ఇక్కడ ఆపేస్తే కళాకారిణి స్వేచ్ఛ గెలిచింది, సమాజం సంకుచితం అని తీర్పు చెప్పి మన పని మనం చేసుకోవచ్చు. కానీ స్వజనం అడిగింది అంత తేలిగ్గా తోసెయ్యదగ్గ మాట కాదు. ఎందుకంటే నేనూ అదే అడిగాను. నా అడగడంలో ఉన్నది అధికారం. వాళ్ళ అడగడంలో ఉన్నది అవసరం. ఈ తేడా ముఖ్యం.

హోవర్డ్‌లో ఫిలాసఫీ చెప్పిన అలెయిన్ లాక్ 1925లోనే నల్లజాతి చిత్రకారులు ఆఫ్రికా పూర్వీకుల కళవైపు చూడాలని రాశాడు. కళ జాతి కోసం గొంతెత్తే సాధనం కావాలని 1926లో డుబోయిస్ వాదించాడు. తమ ముఖాల్ని వెక్కిరింపు బొమ్మలుగా మాత్రమే వేసిన దేశంలో, తమ ముఖాన్ని తామే గౌరవంగా వేసుకోవాలనుకోవడం సంకుచితత్వం కాదు, ప్రాణావసరం. పోర్టర్ ఈ పూర్వీకుల వాదంతో విభేదించాడు. అంటే థాంప్సన్ చదువుకున్న చోటే ఈ వాదం రెండు వైపులా నడిచింది. ఆమె అమాయకంగా ఒకవైపు పడిపోలేదు, తెలిసే ఎంచుకుంది.

ఇంకొకటి నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఆమె డ్యూరెన్‌లో స్థిరపడిన సంవత్సరం 1963. ఆ ఆగస్టులో వాషింగ్టన్‌లో రెండు లక్షల మందికి పైగా ప్రదర్శన చేశారు. సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో చర్చి మీద బాంబు పెట్టి నలుగురు నల్లజాతి ఆడపిల్లల్ని చంపేశారు. ఆ దశకంలో ఆమె ఒక జర్మన్ పట్టణంలో చెక్కముక్కలు పేర్చుకుంటోంది. మనవాళ్ళు చచ్చిపోతుంటే నువ్వు ఏ నార ఎటు పోతోందో చూసుకుంటున్నావా అని ఎవరైనా అడిగితే? ఆ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యలేను. నేను ఈ రోజు యూనివర్సిటీ గదిలో కూచుని ఈ వ్యాసం రాయగలుగుతున్నానంటే నాకంటే ముందు ఎవరో బయటికొచ్చి కొట్లాడారు, మాటలు పడ్డారు. ఆ బాకీ నాకుంది. ఆమెకీ ఉంది. లేదనడం కృతఘ్నత.

అయితే ఆ బాకీ ఎవరిది? మనిషిదా, బొమ్మదా?

నార్మన్ లూయిస్ అనే చిత్రకారుడున్నాడు. 1930లలో హార్లెంలో పేదవాళ్ళ బొమ్మలు వేశాడు. 1940లలో నైరూప్యానికి మళ్ళాడు. బొమ్మ వేస్తే అన్యాయం ఆగదు, దానికి వీధిలోకి వెళ్ళాలి అన్నది అతని అభిప్రాయం. నిజంగానే వెళ్ళాడు కూడా. హార్లెం గురించి ప్రదర్శన పెట్టి అందులో నల్లజాతి చిత్రకారుల పని లేకుండా చేసిన మెట్రొపాలిటన్ మ్యూజియం ముందు, 1969లో అట్ట పట్టుకుని నిలబడ్డాడు. అతని లెక్కలో బాకీ మనిషిది. మనిషి కాళ్ళతో, గొంతుతో, ఓటుతో, పాఠంతో తీర్చాల్సింది. బొమ్మ మీద దాన్ని రాసుకుంటే బొమ్మా చెడుతుంది, బాకీ కూడా తీరదు. థాంప్సన్ జీవితాన్ని ఈ లెక్కలో చూస్తే ఆమె ఎగ్గొట్టిన మనిషి కాదు. నల్లజాతి అమ్మాయిలకి పాఠాలు చెప్పింది. ఇతర కళాకారుల పని నలుగురికీ చేరేలా ఒక పత్రికలో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఎవరో పేరు పెట్టుకుని తిరగమంటే ఒప్పుకోకుండా తన పేరుతోనే బతికింది.

ఈ జవాబు నాకు చాలాకాలం సరిపోయింది. తర్వాత ఇందులో కూడా ఒక మెలిక కనపడింది. ఆమె బాకీ తీర్చిన రసీదులు నేనెందుకు వెతుకుతున్నాను? చదరాలు వేసిన ఒక తెల్లజాతి పురుషుడి జీవితంలో అటువంటి రసీదులు వెతికానా? అతని చదరం 'విశ్వజనీనం'. ఎవరూ గుమ్మంలో ఆపి కాగితాలు చూపించమని అడగరు. మన సాహిత్యంలో కూడా అంతే. వెన్నెల మీద నాలుగు పుస్తకాలు రాసిన అగ్రకుల కవిని నీ అనుభవం ఏదని ఎవరమూ అడగలేదు. వెన్నెల అతనికి పిత్రార్జితం. లెక్కల టీచరు సున్నా గురించి రాస్తే మాత్రం దూరంగా జరిగిందన్నాం. ఏ ప్రయోజనం లేకుండా ఒక విషయం మీద ఆసక్తి పడే హక్కు భూమిలాగే కొద్దిమంది చేతుల్లో ఉంది. అణగారిన వాళ్ళకి బాధ చెప్పుకోవడానికి అనుమతి దొరికింది. ఆశ్చర్యపోవడానికి ఇంకా దొరకలేదు.

ఇక్కడే ఇంకొక గుంట ఉంది. అది మనలాంటి చదువుకున్న స్త్రీవాదులు పడేది. నైరూప్యాన్ని ఎంచుకోవడమే ఆమె ప్రతిఘటన, జాతి చూపుకి దొరక్కుండా తప్పుకోవడమే ఆమె రాజకీయం అని రాసెయ్యొచ్చు. నేను ఒక సదస్సు పత్రంలో దాదాపు అట్లాగే రాశాను. చప్పట్లు కూడా వచ్చాయి. కానీ ఆలోచిస్తే ఇది మళ్ళీ అదే పని. అయస్కాంతం గురించి వేసిన బొమ్మని అయస్కాంతం గురించి ఉండనివ్వకపోవడం. అప్పుడు నెత్తురు వెతికాను, ఇప్పుడు ప్రతిఘటన వెతుకుతున్నాను. మాట మారింది, వెతుకులాట మారలేదు. ఆమె స్వయంగా తన పనిని విశ్వాన్ని అర్థం చేసుకోవడానికి తెగకుండా సాగే అన్వేషణ అని చెప్పుకుంది. ఆ మాటని ఆమె అన్న అర్థంలోనే తీసుకోవడం మనకెందుకంత కష్టం?

దీనికి ఎదురుగా ఆడ్రి లార్డ్ గుర్తొస్తుంది. 1977లో నైజీరియాలోని లాగోస్‌లో జరిగిన నల్లజాతి కళల మహోత్సవానికి థాంప్సన్ కూడా వెళ్ళింది, లార్డ్ కూడా వెళ్ళింది. లార్డ్ ఎక్కడ మాట్లాడినా నల్లజాతి స్త్రీ, లెస్బియన్, తల్లి, యోధ, కవి అని తన పేర్లన్నీ వరసగా చెప్పుకునే మనిషి. ఒక్క పేరు దాచినా తనలో ఒక భాగం చస్తుందని నమ్మిన మనిషి. నా తరం స్త్రీలకి మాట నేర్పిన వాళ్ళలో ఆమె ఒకతె. థాంప్సన్ తన కాన్వాసు మీద ఆ పేర్లలో ఒక్కటీ రాయలేదు. వీళ్ళిద్దరిలో ఎవరు సరి అని అడగడం నాకిప్పుడు అర్థం లేని ప్రశ్నగా కనపడుతోంది. చెప్పుకోవడం లార్డ్‌కి ఎవరో వేసిన శిక్ష కాదు, ఆమె ఎంపిక. చెప్పకపోవడం థాంప్సన్‌ది. చెప్పుకోవడాన్ని గుమ్మం దగ్గర వసూలు చేసే సుంకంగా మార్చింది మనం, చూసేవాళ్ళం, చదివేవాళ్ళం.

కాబట్టి ఈ నైతిక ప్రశ్నని నేను ఇన్నాళ్ళూ తప్పు మనిషికి వేశాననిపిస్తోంది. కళాకారిణి సమాజానికి ఏం బాకీ అని అడుగుతూ వచ్చాను. చూసేవాళ్ళు బొమ్మకి ఏం బాకీ అని అడగాలి. కనీసం ఇంత బాకీ ఉంది: అక్కడ ఏముందో అది చూడటం. చెక్క నార ఎటు పోతోందో చూడటం. పసుపుని పసుపుగా చూడటం. ఆ తర్వాత ఎన్ని అర్థాలైనా రావచ్చు. అందులో జాతి చరిత్ర కూడా ఉండొచ్చు. దాన్ని వద్దనడం లేదు. బొమ్మ చూడకముందే చీటీలోంచి అర్థం దించుకోవద్దంటున్నాను.

అయితే చీటీలు తీసిపారెయ్యమని కూడా అనలేను. ఆ ప్రదర్శన ఉన్నదే ఒక చీటీ కింద. 21 మంది శ్వేతేతర స్త్రీలు అనే ఆ వర్గీకరణ లేకపోతే నేను థాంప్సన్ పేరు వినేదాన్నే కాదు. ఆమె చనిపోయిన పద్నాలుగేళ్ళకి ఆ ప్రదర్శన జరిగింది. ఆ మరుసటి ఏడే ఆమె పని బెర్లిన్ బియెన్నాలేలో కనపడింది, న్యూయార్క్‌లో ఒక పేరున్న గ్యాలరీ ఆమెకి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఆమె ముందు మూసుకున్న ఊళ్ళోనే. మన దగ్గరా అంతే. 1993లో 'నీలిమేఘాలు', 2003లో 'నల్లపొద్దు' రాకపోతే, ఇటువంటి పత్రికలు ప్రత్యేక సంచికలు వెయ్యకపోతే, నా సిద్ధాంత గ్రంథానికి విషయమే లేదు. చీటీ మనిషిని లోపలికి తెస్తుంది. తెచ్చాక గుమ్మానికి అడ్డంగా నిలబడకూడదు. అది ఎప్పుడు తలుపవుతుందో, ఎప్పుడు గోడవుతుందో చెప్పే సూత్రం నా దగ్గర లేదు. ప్రతిసారీ, ప్రతి పుస్తకం దగ్గరా కొత్తగా చూసుకోవాల్సిందే.

ఆర్నెల్ల తర్వాత ధైర్యం చేసి ఆ టీచరు గారికి ఫోన్ చేశాను. రెండో పుస్తకం గురించి నేను రాసిన వాక్యం తప్పని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. థాంప్సన్ గురించి చెప్పాను. అంతా విని "ఆవిడ బొమ్మ ఏదన్నా ఉంటే పంపమ్మా" అన్నారు. ఆ రోజు మ్యూజియంలో నేను తీసుకున్న ఫోటో వాట్సాప్‌లో పంపాను. గంట తర్వాత ఆవిడే చేశారు.

"అయస్కాంత రేఖలు ఒకదాన్నొకటి ఖండించుకోవు. బళ్ళో సైన్సు టీచరు లేనప్పుడు ఆ పాఠం నేనే చెప్పేదాన్ని. ఈవిడ గీతల మీద గీతలు వేసేసింది. అది తప్పు" అన్నారు. తర్వాత "కానీ బలం మాత్రం దొరికింది. మధ్యలో లాగుతోంది చూడు" అన్నారు.

నేను సిగ్గుపడ్డాను. మిల్డ్రెడ్ థాంప్సన్ గురించి నేను చదివిన వాటిలో ఆమె గాయం గురించి ఉంది, ధైర్యం గురించి ఉంది, ప్రవాసం గురించి ఉంది. ఆమె ఎంచుకున్న విషయంలో ఆమెతో వాదన పెట్టుకున్నవాళ్ళు నాకెక్కడా తగల్లేదు. ఒక చిన్న ఊళ్ళో ఉన్న లెక్కల టీచరు ఫోన్ తెర మీద చూసి ఒక్క గంటలో పెట్టుకున్నారు. తప్పు పట్టడం కూడా ఒక గౌరవమే. నువ్వు అయస్కాంతం గురించి మాట్లాడుతున్నావని నేను నమ్ముతున్నాను, అందుకే నీతో పేచీ పడుతున్నాను అని. నేను ఆవిడ కవిత్వంతో ఏనాడైనా అట్లా పేచీ పడ్డానా? నలభై పేజీలు తల వంచుకుని సానుభూతి చూపించాను. సానుభూతి చూపించినంత సేపూ ఆవిడ ఏం ఆలోచిస్తున్నారో వినలేదు.

ఈ వ్యాసం రాస్తానంటే ఆవిడ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "నా పేరు వెయ్యకు. మళ్ళీ నన్ను దేనికో ఉదాహరణ చేస్తావు" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ ఆ మాట నిజం. ఇక్కడ కూడా అదే చేశానేమో.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రావాల్సి ఉంది. ఆ అధ్యాయాన్ని పక్కన పెట్టి కొత్తగా రాస్తున్నాను. సున్నా మీద ఆవిడ రాసిన కవితల్లో ఒకటి నాకింకా అర్థం కాలేదు. కుడివైపు పెడితే విలువ పెంచే సున్నా, ఎడమవైపు పెడితే ఏమీ కాని సున్నా ఒకే పంక్తిలో ఎట్లా ఒప్పుతాయో తెలియడం లేదు. ఆ పంక్తిలో ఆవిడ పొరపాటు పడ్డారని నా అనుమానం. మొన్న ఫోన్ చేసి ఆ సంగతే చెప్పాను.

"అట్లాగా? పుస్తకం తెచ్చుకుంటానుండు" అన్నారు ఆవిడ.